నింపకూడని పీపా

షెన్వీ, బర్గండీ
అక్టోబరు 1964

ఒదెత్‌కు,

కోతలు అయిపోయాయని మీ పక్కింటి జుస్తిన్ రాసింది. నువ్వు రాయలేదు. తమ్ముడు ఫెర్నాన్ పోయినప్పటి నుంచి నా పుట్టింటి సంగతులు నాకు పక్కింటివాళ్ళు చెప్పాల్సి వస్తోంది. సరే, పని పడింది కాబట్టి నేనే రాస్తున్నాను.

లోన్స్ నుంచి బర్బియే అనే వైన్ వ్యాపారి మా ఇంటికి వచ్చాడు. తోట మొత్తం, కొండవాలు మీది పాత తీగలతో సహా, కొంటానంటున్నాడు. సగం నాది, సగం తమ్ముడి భార్యగా నీది. నాన్న అలాగే రాసి పోయారు. ఒక్క సగం అయితే అతనికి అక్కర్లేదట. నాకు అమ్మేయాలనే ఉంది. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడటం నాకు చేతకాదు కాబట్టి చెబుతున్నాను: నాన్న తోట నీ చేతిలో పాడవడం కంటే పరాయివాడి చేతిలో బాగుపడటం నయం.

ఇందులో నీ తప్పేమీ లేదు. చీజ్ చేసేవాళ్ళ ఇంట్లో పుట్టావు. పాలు విరగ్గొట్టడం నీకు వచ్చినట్టు ఊళ్ళో ఎవరికీ రాదు. వైన్ వేరే విద్య. ఫెర్నాన్ చనిపోయిన ఏడాది కోతలకి నువ్వే ద్రాక్ష తొక్కించి, నువ్వే పీపాలు నింపావని విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఒక్కటి తప్ప అన్నీ వెనిగర్ అయి కూర్చున్నాయట కదా! ఊరు ఊరంతా ఊరగాయలు పెట్టుకుని ఉంటారు నీ పుణ్యమా అని.

పసుపు వైన్ అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. బర్గండీలో వారం వారం పీపాను అంచుదాకా నింపుతారు. వేలెడు ఖాళీ కనబడితే ఇంట్లో పీనుగ లేచినట్టు గోల పెడతారు. మా నాన్న ఆరేళ్ళ పైన చుక్క పోయకుండా వదిలేసేవారు, మూడో వంతు ఆవిరైపోయినా ముట్టుకునేవారు కాదు, ఆ వైన్ మీద ఒక తెల్లటి పొర కట్టి అదే దాన్ని చెడిపోకుండా కాసేది అని చెబితే, మా ఆయన ఎమిలాన్ పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "మీ జూరా వాళ్ళు బద్ధకస్తులని తెలుసు గానీ, బద్ధకానికి ఇంత కథ అల్లుతారని తెలీదే సోలాంజ్!" అంటాడు. పెళ్ళయిన కొత్తలో అన్నాడు, నిన్నా అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను చెప్పిన మాట అతను నమ్మనిది అదొక్కటే.

అందుకని ఒక ఒప్పందం. నీ ఆఖరి పీపాకి ఈ చలికాలంతో ఆరేళ్ళ గడువు తీరుతుంది. ఈస్టర్ తర్వాత ఊరి పెద్దలు వచ్చి రుచి చూస్తారు. వాళ్ళు "ఇది పసుపు వైనే" అంటే నా సగం నీ పేర రాసిచ్చేస్తాను, తోట అంతా నీదే. కాదంటే నోరు మూసుకుని నాతో పాటు సంతకం పెట్టి, బర్బియేకి అమ్మాలి. సమ్మతమైతే రాయి. జుస్తిన్ చేత రాయించకు.

సోలాంజ్


కోంబ్‌రోంద్, జూరా
నవంబరు 1964

వదినగారికి,

సమ్మతమే. జుస్తిన్ చేత రాయించలేదు, నా చేత్తోనే రాస్తున్నాను. చీజ్ వాసన వస్తే కాస్త దూరంగా పట్టుకుని చదవండి.

మీ బర్బియే గారు ఇక్కడికీ దయచేశారు. టోపీ తీయకుండా వంటింట్లో కూర్చున్నారు. మా పుట్టింటి కోంతే చీజ్, వాల్‌నట్లు ముందు పెట్టి, ఫెర్నాన్ చేసిన పాత పసుపు వైన్ అరగ్లాసు పోశాను. ఆయన మంచినీళ్ళలా ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నారు.

"కొంచెం ఘాటుగా ఉంది మదాం," అన్నారు. "ఇంత పాత వాసన ఇప్పటి వాళ్ళకి పడదు. పీపాలు ఎప్పటికప్పుడు నింపేసి తేటగా చేస్తే పారిస్‌లో మంచినీళ్ళలా అమ్ముతా."

"మంచినీళ్ళే అమ్ముకోండి. మా బావిలో బోలెడున్నాయి," అని చీజ్ పళ్ళెం ఆయన ముందు నుంచి తీసేశాను. చేతిలో ముక్కతో అలాగే ఉండిపోయారు పాపం, తినాలో పెట్టేయాలో తెలియక. మీకు ఇంతకన్నా మంచి మనిషి దొరకలేదా వదినగారూ, మీ నాన్నగారి తోటని బాగుచేయడానికి?

బర్గండీ గొప్పలు ఎన్నిసార్లు రాసినా నాకు కొత్తగానే ఉంటాయి. మీ నత్తల కూర ఒకసారి తిన్నాను కదా, మీ అమ్మాయి పెళ్ళిలో. అంత వెన్న, అంత వెల్లుల్లి పోసి వేయిస్తే చెప్పు తోలు కూడా రుచిగానే ఉంటుంది. ఇక ఎమిలాన్ అన్నయ్యగారు ప్రతి క్రిస్మస్‌కూ పంపే తెల్ల వైన్ సంగతి ఆయన మనసు కష్టపెట్టుకుంటారని రాయను. మీకు మాత్రం చెబుతున్నా: చేపలు కడగడానికి వాడతాను.

నా పీపాలు వెనిగర్ అయిన మాట నిజం. ఆ మాట మీ చెవిన పడేలా జుస్తిన్‌కి చెప్పింది ఊరు కాదు, నేనే. దాచాలంటే దాచేదాన్ని. ఆఖరి పీపాలో మాత్రం పొర కట్టింది. ఎలా కట్టిందో, ఎంత దళసరిగా ఉందో మీకు రాయను. రాస్తే గొప్పలు పోతున్నానంటారు. పెద్దలే చెబుతారు. ఈ తోట పోతే నాకు వేరే చోటు లేదు వదినగారూ, అది మీకూ తెలుసు. మా అన్న చీజ్ గదిలో చక్రాల్లాంటి చీజ్ దిమ్మలు తోముతూ బతకడానికి నేను ఈ ఆరేళ్ళూ ఈ నేలమాళిగకి కాపలా కాయలేదు.

ఒదెత్


షెన్వీ, బర్గండీ
డిసెంబరు 1964

ఒదెత్‌కు,

మళ్ళీ జుస్తినే రాసింది! నేలమాళిగ మెట్ల మీద జారి చీలమండ రెండు ముక్కలు చేసుకున్నావట, లోన్స్ ఆసుపత్రిలో కాలు పైకి కట్టి పడుకోబెట్టారట. నాకు మాత్రం చెప్పొద్దన్నావట. ఎందుకమ్మా, వచ్చి నవ్వుతాననా? అక్కడి దాకా రావడం ఎందుకు, ఇక్కడి నుంచే నవ్వగలను.

నేనూ, మా ఆయనా రేపు బయల్దేరుతున్నాం. నువ్వు లేచేదాకా ఇల్లు చూసుకుంటాం. కోళ్ళకి గింజలు వేయాలి, తీగలు కత్తిరించాలి. నీ కోసం వస్తున్నానని అనుకుని మురిసిపోకు. మా నాన్న తీగల కోసం వస్తున్నాను.

సోలాంజ్


ఆసుపత్రి, లోన్స్
డిసెంబరు 1964

వదినగారికి,

మీరు వచ్చారని జుస్తిన్ చెప్పింది. వచ్చిన మొదటి రోజే నా వంటింటి గిన్నెలన్నీ స్థలాలు మార్చేశారని కూడా చెప్పింది. పుణ్యముంటుంది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారో ఒక కాగితం మీద రాసి పెట్టండి.

ఇక్కడి తిండి గురించి అడగకండి. రోజూ ఉడకబెట్టిన సేమియా. నిన్న చీజ్ అని ఒక తెల్ల ముక్క పెట్టారు. దాన్ని తీసుకొచ్చిన నర్సుని "అమ్మా, ఇది చీజా, కట్టు కట్టగా మిగిలిన సున్నమా?" అని అడిగాను. అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. పొగబెట్టిన సాసేజ్ ముక్క, బంగాళాదుంప మీద కారుతున్న వేడి చీజ్ కళ్ళ ముందు ఆడుతున్నాయి.

ఒక్క పని చేసిపెట్టండి. నేను పడ్డ రోజు పొర చూడటానికే దిగుతున్నాను. చూడకుండానే పడిపోయాను. నేలమాళిగ తాళం గడియారం వెనక మేకుకి ఉంది. దీపం తీసుకుని, ఆ మూల పీపా బిరడా మెల్లగా తీసి, ఒక్కసారి లోపలికి చూసి, పొర చెదరకుండా ఉందో లేదో రాయండి. ముట్టుకోవద్దు, ఊపవద్దు. మీకు నేను చెప్పాలా, ఆ ఇంటి ఆడపడుచు మీరు. అయినా చెబుతున్నాను. ఇక్కడ పడుకుని పైకప్పు చూస్తుంటే నాకు ఆ పీపా తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు.

ఒదెత్


కోంబ్‌రోంద్, జూరా
డిసెంబరు 1964

ఒదెత్‌కు,

చూశాను. పొర ఉంది. అంతే.

ఉప్పు డబ్బా పొయ్యి పక్కన ఉంది, ఏ బుద్ధిమంతురాలైనా పెట్టుకునే చోట. నీ వంటిల్లు చూస్తే ఆరేళ్ళుగా మనిషి వండినట్టు లేదు, సైన్యం విడిది చేసినట్టుంది.

మా ఆయన తోటలో పడి ఊరికి నవ్వుల పంట పండిస్తున్నాడు. మనవాళ్ళు తీగను పొడుగ్గా వదిలి విల్లులా వంచి కడతారు కదా. ఈయన బర్గండీలో లాగా మొదలుకంటా కత్తిరించుకుంటూ పోతున్నాడు. ఊరిపెద్ద ఒనొరే ముసలాయన గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏం సోలాంజ్, తీగలకి క్షౌరం చేయించడానికి బర్గండీ నుంచి మంగలిని తెచ్చావా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "వంచి కట్టాలయ్యా, గొరగడం కాదు!" అని నేను అరవడం, "ఇన్ని చిగురు కళ్ళు వదిలితే తీగ నీరసించిపోదూ?" అని ఆయన నన్నే కోప్పడటం. చివరికి కత్తెర లాక్కున్నాను. పాడయింది ఒక వరుసే, బెంగపడకు.

ఇప్పుడు చేతిలో పని లేక ఇల్లంతా తిరుగుతున్నాడు. తలుపు మడతబందులకి నూనె వేశాడు, కోళ్ళగూడు కడిగాడు, నేలమాళిగలో సాలెగూళ్ళు దులుపుతానంటున్నాడు. కుదురుగా కూర్చోమంటే ఒంట్లో బాగాలేని వాడిలా మొహం పెడతాడు. చాలా మంచివాడు. అంత మంచివాడితో కాపురం చేయడం ఎంత కష్టమో నీకు తెలియదు, నీ మొగుడు నా తమ్ముడు కాబట్టి.

సోలాంజ్


షెన్వీ, బర్గండీ
జనవరి 1965

ప్రియమైన ఒదెత్‌కు,

నువ్వు ఇంటికి చేరావని తెలిసి ప్రాణం కుదుటపడింది. నువ్వు వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాం గానీ మా ఆయనకు ఇక్కడ తొందర పని పడింది, అందుకే ముందు రోజే బయల్దేరాల్సి వచ్చింది. ఏమీ అనుకోకు.

తేనె రొట్టె, ఆవముద్ద పంపుతున్నాను. రొట్టె మెత్తగా ఉంటుంది, నీకు పడుతుంది. కాలు జాగ్రత్త తల్లీ. నేలమాళిగ మెట్లు అసలు దిగకు. ఆ మెట్లు మంచివి కావు, నాన్న కూడా ఒకసారి పడ్డారు.

అక్కడి నుంచి వచ్చాక ఆలోచించాను. ఎందుకు నీకు ఈ శ్రమంతా? ఒంటరిదానివి. ఆ పీపా, ఆ పెద్దలు రావడం, వాళ్ళ ఎదుట నిలబడటం, ఎందుకొచ్చిన గొడవ? బర్బియేతో నేను మాట్లాడతాను. డబ్బులో నీకే ఎక్కువ వచ్చేట్టు చూస్తాను. ఇల్లు నీకే ఉంటుంది. కావాలంటే ఇక్కడికి వచ్చేయి, మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఆరేళ్ళు నువ్వు పడిన కష్టం నేను కళ్ళారా చూశాను, ఇక చాలు. పెద్దల్ని పిలవకు ఒదెత్. నా మాట విను.

ప్రేమతో,
సోలాంజ్


కోంబ్‌రోంద్, జూరా
ఫిబ్రవరి 1965

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత జుస్తిన్‌ని పిలిచి చదివించాను. "ఇది సోలాంజ్ రాత కాదు, ఎవరో మంచి మనిషిది," అంది.

ప్రియమైన ఒదెత్ అట! తల్లీ అట! నేను కోడలిగా ఈ గడప తొక్కిన నాటి నుంచి మీ నోట రాని మాటలు. మీరు తిడితే నాకు భయం లేదు, అలవాటే. ఇలా ముద్దు చేస్తుంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తోంది. ఏమైంది వదినగారూ? జ్వరమా? లేక బర్బియే గారు ఇంకాస్త ఎక్కువ ఇస్తానన్నారా?

డబ్బు కోసం నేను ఈ పందెం ఒప్పుకోలేదు. పెద్దల్ని పిలిచాను. ఈస్టర్ అయిన తర్వాతి వారం వస్తామని ఒనొరే తాత మాట ఇచ్చాడు. డాక్టరు మెట్లు దిగవద్దన్నాడు కాబట్టి నేను ఇంకా పీపాను చూడలేదు. తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. పొర ఉందని మీరు రాశారు కదా, ఆ ముక్క చాలు నాకు. మీరు నన్ను వంద మాటలు అన్నారు గానీ, అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు.

తేనె రొట్టె బాగుంది. దంతాలకు అంటుకుంటుంది, మీ ప్రేమలాగే.

ఒదెత్


షెన్వీ, బర్గండీ
ఏప్రిల్ 1965

ఒదెత్‌కు,

మంచికి పోతే నీకు ఎగతాళిగా ఉంది. అలాగే కానీ. మొండిదానివి, మొండిదానివిగానే ఉండు. చివరిసారి చెబుతున్నాను. పెద్దల్ని పిలవవద్దు. ఊరి మధ్య తలవంచుకోవాల్సి వస్తే నన్ను అనకు. ఆ పీపా మీద ఆశ పెట్టుకోకు. ఎందుకని అడగకు. నాకు తోచింది, చెప్పాను.

సోలాంజ్

చెల్లెమ్మా ఒదెత్, నేను ఎమిలాన్ అన్నయ్యను. ఉత్తరం పోస్టులో వేయమని సోలాంజ్ నాకిచ్చింది, కవరు అంటించడం మరిచిపోయింది. కాగితం కింద ఇంత చోటు మిగిలి ఉంది, ఖాళీ కనబడితే నాకు చేతులు ఊరుకోవని నీకు తెలుసు కదా. కాలు ఎలా ఉంది? నీతో ఒక మాట చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది. మీ నేలమాళిగలో ఆ మూల పీపాను తట్టి చూస్తే డొల్లగా మోగింది. ప్రాణం ఉసూరుమంది. మగదిక్కు లేని ఇల్లు, ఎవరు చూస్తారు పాపం అనుకున్నాను. పైన ఏదో తెల్లగా బూజు పట్టి ఉంటే చిన్న గరిటెతో ఓపిగ్గా తోడి పారేశాను. మా ఇంటి నుంచి నా కోసం చిన్న పీపాడు తెచ్చుకున్న పాత తెల్ల వైన్ ఉంది, మా తోటలో అంతకన్నా మంచిది లేదు. గరాటు పెట్టి అంచుదాకా నింపేశాను. ఇప్పుడు చూడు, నిండుగా ఎంత ముచ్చటగా ఉంటుందో! సోలాంజ్‌ను పిలిచి చూపిస్తే పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చేసిన మేలు చెప్పుకోకూడదు, ఒదెత్‌కు ఒక్క ముక్క కూడా రాయకండి," అంది. నేను గొప్ప కోసం చెప్పడం లేదమ్మా. పెద్దలు మెచ్చుకుంటే నా పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఎమిలాన్.


కోంబ్‌రోంద్, జూరా
ఏప్రిల్ 1965

సోలాంజ్,

ఇకమీద నిన్ను "మీరు" అనడం నావల్ల కాదు.

మీ ఆయన రాసింది చదివి, డాక్టరు మాట గాలికి వదిలేసి, మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ కిందికి దిగాను. బిరడా తీసి వేలు పెట్టాను. వేలు తడిసింది. ఆరేళ్ళుగా ఆ పీపాలో పెట్టిన వేలు పొడిగా వచ్చేది. రుచి చూశాను. నా వైన్ ఎక్కడో అడుగున ఉంది, దాని మీద ఎక్కి కూర్చుని మీ బర్గండీ నవ్వుతోంది. పొర లేదు. తోడేసిన పొర మళ్ళీ కట్టదు, ఆ వైన్ మీద కట్టదు.

మీ ఆయన్ని ఒక్క మాట అనకు. ఆయన ప్రేమతో నా గొంతు కోశాడు, అలాంటి వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. కానీ నీకు తెలుసు. చూసిన క్షణంలోనే తెలుసు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నన్ను ఆశతో బతకనిచ్చి, తేనె రొట్టె పంపి, తల్లీ అని పిలిచి, మెట్లు దిగకు అని బుజ్జగించి, చివరికి అమ్ముకోమన్నావు. నీ తిట్లన్నీ భరించాను సోలాంజ్. నా చేతుల్ని, నా పుట్టుకని, నా వంటింటిని అన్నావు, భరించాను. నిజం చెప్పే మనిషివి అని ఒక్క గౌరవం ఉండేది నీ మీద. దాన్ని కూడా గరిటెతో తోడి పారేశావు.

పందెం నువ్వు గెలిచావు. బర్బియేని పిలుచుకో, కాగితం పంపు, సంతకం పెడతాను. నోరు మూసుకునే పెడతాను, ఒప్పుకున్న మాట కదా. నా ఆరేళ్ళూ, నేనూ కలిసి మా అన్న ఇంటికి పోతాం.

ఒక్కటి మాత్రం చెప్పు. ఆయన నింపకముందు, నేను అడిగినప్పుడు, దీపం పట్టుకుని దిగి చూశావు. "ఉంది, అంతే" అని రాశావు. ఏం చూశావు? ఆ పడ్డ రోజు నేను చూడలేకపోయాను. ఆఖరిసారి దాన్ని చూసిన కళ్ళు నీవే. నువ్వే చెప్పాలి.

ఒదెత్


షెన్వీ, బర్గండీ
ఏప్రిల్ 1965

ఒదెత్‌కు,

చెబుతాను. బతిమాలుకోవడానికి కాదు. అడిగావు కాబట్టి.

పాలు కాచి చల్లారబెడితే కట్టే మీగడ ఉంటుంది చూడు, అలా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఎక్కడా చిరుగు లేదు. దీపం దగ్గరకు జరిపితే లేత బూడిదరంగు మడతలు కనిపించాయి. వాల్‌నట్ పగలగొట్టినప్పటి వాసన ముక్కుకి కొట్టింది. బిరడా పెట్టేయాలని తెలుసు, పెట్టలేకపోయాను. దీపం చమురు తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. చీజ్ చేసేవాళ్ళ పిల్లవి, మీగడ కట్టించడం నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

మా నాన్న పీపాలో పొర కూడా ఇలాగే ఉండేదా అని నువ్వు అడగవచ్చు. నాకు తెలియదు. నేను ఎప్పుడూ చూడలేదు. ఆడపిల్ల దగ్గరకొస్తే పొర చెదిరిపోతుందనేవారు ఆయన. నన్ను మెట్ల మీద నిలబెట్టి, ఫెర్నాన్‌ను మాత్రం భుజం మీద ఎక్కించుకుని చూపించేవారు. వాడు కిందికి వంగి "ఓహో" అనేవాడు. నేను మెట్ల మీద నుంచి ఆ "ఓహో" వినేదాన్ని. ఇక్కడ బర్గండీలో ముప్పై ఏళ్ళు దాని గురించి ఉపన్యాసాలు ఇచ్చాను, కళ్ళతో చూడని దాని గురించి. మొదటిసారి చూసింది అరవై దాటాక, నీ పీపాలో. బయటి నుంచి వచ్చిన కోడలివి నీకు కట్టింది. ఒళ్ళు మండిపోయింది ఒదెత్. అందుకే "ఉంది, అంతే" అని రాశాను. అంతకుమించి ఒక్క అక్షరం రాస్తే ఏడ్చేదాన్ని.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఈయన గరాటు పట్టుకుని మెట్ల పైన నిలబడి ఉన్నాడు, చంటిపిల్లకి పాలు పట్టిన తల్లి మొహంతో. నేను అతని చేతిలో గరిటె చూశాను. ఏడ్చాను. అతను సంతోషమనుకున్నాడు. మొన్ననే మొత్తం చెప్పాను. ఇప్పుడు నమ్మాడు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. తన పీపాలు నింపడానికి కూడా దిగడం లేదు, పెళ్ళయ్యాక మొదటిసారి.

అబద్ధం ఎందుకు ఆడానంటే, నువ్వు ఓడిపోయావని నలుగురూ అంటే నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. అప్పటికి ఆలస్యమైంది, తీపి మాటలు మొదలుపెట్టాను. అవి నాకు చేతకావని నువ్వే చెప్పావు.

నోటరీ దగ్గరకు వెళ్ళాను. నా సగం నీ పేర రాసిన కాగితం ఇందులో ఉంది. నీ సంతకం ఒక్కటే తక్కువ. బర్బియేకి కుదరదని రాసేశాను. కృతజ్ఞతలు రాయకు, చింపేస్తాను.

సోలాంజ్


కోంబ్‌రోంద్, జూరా
మే 1965

సోలాంజ్,

కృతజ్ఞతలు రాయడం లేదు. కాగితం తిప్పి పంపుతున్నాను, చింపాలనుకుంటే దాన్ని చింపుకో.

పెద్దల్ని రావద్దనలేదు, రమ్మన్నాను. నలుగురినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. పీపా నింపారు అనగానే ఒనొరే తాత టోపీ తీసి గుండెకు పెట్టుకున్నాడు, ఎవరో పోయినట్టు. తర్వాత వాళ్ళకి అన్నం పెట్టాను. కోడిపుంజును ముక్కలు చేసి, కొండ మీద దొరికిన మోరెల్ పుట్టగొడుగులు వేసి, మీగడ పోసి, ఆ పీపాలోని వైన్‌తోనే వండాను. సీసాకెక్కే యోగ్యత లేని వైన్ కుండకైనా ఎక్కాలి కదా! రొట్టెతో పళ్ళెం తుడుచుకు తిన్నాక ఒనొరే తాత అన్నాడు: "ఒదెత్, ఇది పసుపు వైన్ కాదు. బర్గండీ వైనూ కాదు. దీనికి పేరు పెట్టే హక్కు మాకు లేదు. కానీ అడుగున ఉన్నది ఎవరి చెయ్యో మాకు తెలిసింది." ఇంటికి వెళ్ళేటప్పుడు నలుగురూ నాకు చెయ్యి కలిపారు. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో ఎవరికీ కలపలేదు వాళ్ళు.

అందుకని నీ కాగితం నాకు వద్దు. ఇది జాలిపడి ఇచ్చేది. నేను ఒప్పుకున్నది పెద్దలు "ఇది పసుపు వైనే" అంటే పుచ్చుకునేది. వాళ్ళు అనలేదు. బర్గండీ దానధర్మాలు నాకు అక్కర్లేదు, తేనె రొట్టెతో సహా.

మీ ఆయన్ని అన్నం తినమను. ఆయన గొరిగిన వరుసలో చిగుళ్ళు మిగతా వాటికన్నా జోరుగా వచ్చాయి. ఈ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా చెప్పలేదనుకో.

పోయిన కోతల సావన్యాన్ ద్రాక్షతో కొత్త పీపా ఒకటి పెట్టాను. నిన్న చూస్తే మూలగా, గోరంత మేర, తెల్లగా మొదలైంది. దానికి ఆరేళ్ళ పైన పడుతుంది. అప్పటిదాకా నీ సగం నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ అమ్మకు. నీకు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీద కోపం. అయినా బతికి ఉండు. ఎలా ఉంటావో నాకు తెలియదు, నన్ను తిట్టుకుంటూ అయినా ఉండు.

ఆరోజు పెద్దల కంటే ముందు నువ్వు దిగాలి. బిరడా నువ్వే తీయాలి. నేను మెట్ల మీద నిలబడి ఉంటాను. నువ్వు "ఓహో" అంటే నాకు వినిపించాలి.

ఒదెత్